ఆపద కాలంలో పనిచేసిన నావికులకు కృతజ్ఞతా లేఖ రాయడం ఎలా: ఒక నావికుడి తల్లి సూచనలు

మా అబ్బాయి ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డునున్న ఐఎన్‌ఎస్ చిల్కాలో శిక్షణ ముగించుకొని ఓడ ఎక్కిన నాటి నుంచి మా ఇంట్లో రోజులు లెక్కపెట్టే పద్ధతే మారిపోయింది. వాడు ‘సెయిలింగ్‌లో’ ఉన్న రోజులు, ‘హార్బర్‌లో’ ఉన్న రోజులు అని మాకు రెండే లెక్కలు. 2020లోనూ, 2021లోనూ ఊరూవాడా తలుపులు వేసుకొని కూర్చున్న కాలంలో వాడు సెయిలింగ్‌లోనే ఉన్నాడు. వాడికి జ్వరం వచ్చినప్పుడు నుదురు తాకి చూసినవారు, ఉగాదినాడు పక్కన కూర్చుని భోజనం చేసినవారు, నిద్ర చాలనప్పుడు వాడి పని తామే అందుకున్నవారు నాకు ముఖపరిచయం లేని పిల్లలు. వారిలో పంజాబీలు, మలయాళీలు, బిహారీలు, మన శ్రీకాకుళం పిల్లలు ఉన్నారు. వారందరికీ ఒక ఉత్తరం రాయాలని అప్పుడే అనుకున్నాను.

నేను ముప్పై ఏళ్ళు ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పిన మనిషిని కనుక ఉత్తరం రాయడం పెద్ద పని కాదనుకున్నాను. వీరత్వం, త్యాగం, భరతమాత, సముద్రమంత ధైర్యం వంటి మాటలతో రెండు పేజీలు నింపి, పంపే ముందు సెలవుకు వచ్చిన మా అబ్బాయికి చూపించాను. వాడు ఆసాంతం శ్రద్ధగా చదివి, “బాగుందమ్మా, కానీ ఇందులో మా పని ఏదీ లేదు, దీన్ని ఎవరికైనా పంపవచ్చు” అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆ తరువాత వాడిని అడిగి, పత్రికలు చదివి, ఊళ్ళో ఉన్న విశ్రాంత నావికుల దగ్గర కూర్చుని తెలుసుకొని, మళ్ళీ మొదటి నుంచి రాశాను. పిల్లలను నౌకాదళానికి పంపిన తల్లిదండ్రులకూ, ఆ నావికుల వల్ల ఏదో ఒక మేలు పొందిన ఇతరులకూ ఉపయోగపడుతుందని ఆ నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు వారు చేసిన పనిని తెలుసుకోండి

ఉత్తరానికి కలం పట్టుకునే ముందు ఒక సంఘటనను ఎంచుకోండి. ‘దేశానికి మీరు చేసిన సేవ’ అన్నప్పుడు చదివేవారికి తమ ఓడ కనిపించదు. 2004 డిసెంబరు సునామీలో సహాయానికి వెళ్ళిన ఓడలు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసిన తరువాత చేసిన పని, 2015లో యెమెన్ యుద్ధం మధ్యలో ఏడెన్ రేవుకు వెళ్ళి మనవారిని ఎక్కించుకొన్న ఐఎన్‌ఎస్ సుమిత్ర, వీటిలో మీ జీవితాన్ని తాకినది ఏదైతే దానినే తీసుకోండి. నేను కరోనా కాలాన్ని తీసుకున్నాను.

ఆ కాలం గురించి నేను పోగుచేసుకున్న వివరాలు ఇవి. 2020 మే నెలలో నౌకాదళం ‘ఆపరేషన్ సముద్ర సేతు’ పేరుతో విదేశాల్లో చిక్కుకుపోయిన మనవారిని తీసుకురావడం మొదలుపెట్టింది. విశాఖపట్నం స్థావరంగా పనిచేసే ఐఎన్‌ఎస్ జలాశ్వ మాల్దీవుల రాజధాని మాలే నుంచి 698 మందిని ఎక్కించుకొని మే 10న కొచ్చి చేరింది. ఆ 698 మందిలో 19 మంది గర్భిణులు ఉన్నారు. ఆ తరువాత జలాశ్వతో పాటు ఐఎన్‌ఎస్ మగర్, ఐఎన్‌ఎస్ ఐరావత్, ఐఎన్‌ఎస్ శార్దూల్ కలిసి మాల్దీవులు, శ్రీలంక, ఇరాన్ దేశాల నుంచి సుమారు 55 రోజుల్లో 3,992 మందిని స్వదేశానికి చేర్చాయి. ఆ మరుసటి ఏడాది ఆసుపత్రుల్లో ప్రాణవాయువు కొరత ఏర్పడినప్పుడు ‘సముద్ర సేతు-2’ కింద ఓడలు విదేశాలకు వెళ్ళి ద్రవ ఆక్సిజన్ ట్యాంకులు, సిలిండర్లు తెచ్చాయి. 2021 మేలో సింగపూర్ నుంచి ఐరావత్, ఆ తరువాత బ్రునై, సింగపూర్‌ల నుంచి జలాశ్వ అలా విశాఖ రేవుకే వచ్చాయి.

ఆ మే నెలలోనే మా చెల్లెలి భర్త విశాఖలో ఒక ఆసుపత్రిలో ముక్కుకు గొట్టంతో పదకొండు రోజులు ఉండి ఇంటికి వచ్చారు. ఆయన పీల్చిన గాలి ఆ ఓడల్లోదేనని నేను అనడం లేదు. కానీ ఆసుపత్రి మెట్ల మీద మా చెల్లెలు కూర్చున్న ఆ రాత్రుల్లో ట్యాంకులు వస్తున్నాయన్న వార్త ఒక్కటే మాకు ధైర్యం ఇచ్చింది. ఈ సంగతి నా మొదటి ఉత్తరంలో లేదు, రెండవ ఉత్తరం దీనితోనే మొదలైంది. మీ ఉత్తరంలోనూ ఆ ఆపద మీ ఇంటిని ఎక్కడ తాకిందో ఒకటి రెండు వాక్యాల్లో తప్పక రాయండి. నావికుడు తాను మోసుకొచ్చిన సరుకును చూస్తాడే తప్ప అది చేరిన ఇంటిని చూడడు. ఆ ఇల్లు ఎలాంటిదో అతనికి చెప్పగలిగినది మీరే.

ఎవరికి రాస్తున్నారో తేల్చుకోండి

బయటివారికి నౌకాదళంలో ఉన్నవారందరూ నావికులే. లోపల మాత్రం అధికారులు వేరు, సెయిలర్లు వేరు. సెయిలరుగా చేరిన పిల్లవాడు లీడింగ్, పెట్టీ ఆఫీసర్, చీఫ్ పెట్టీ ఆఫీసర్, మాస్టర్ చీఫ్ పెట్టీ ఆఫీసర్ అనే మెట్లు ఎక్కుతాడు. పత్రికల్లో ఫొటోలు, పతకాలు తరచుగా అధికారులకు, ఓడ పేరుకు దక్కుతాయి. అది తప్పని నా ఉద్దేశం కాదు, ఓడను నడిపించే బాధ్యత వారిది. అయితే ఉత్తరం సెయిలర్లకు చేరాలనుకుంటే ఆ మాట ఉత్తరంలోనే స్పష్టంగా ఉండాలి.

ఇంకా ఒక అడుగు లోపలికి వెళ్ళండి. ఓడలో ఇంజన్ రూమ్ ఉంటుంది, అక్కడ వేడిలో, చెవులు దిబ్బడలు వేసే చప్పుడులో నాలుగేసి గంటల వాచ్, అంటే వంతులవారీ డ్యూటీ, ఉంటుంది, అర్ధరాత్రి వాచ్ ముగిసి బంక్ (ఓడలోని ఇరుకు పడక) ఎక్కినవాడు మళ్ళీ ఉదయం మరో పనికి దిగాలి. గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, వంట చేసేవారు ఉంటారు, ఓడ ఎంత ఊగినా వేళకు అన్నం పెట్టవలసినవారు వారే. మాలే నుంచి వచ్చిన వందల మందికీ అదే గ్యాలీ అన్నం పెట్టింది. రోగం తమకు అంటుకుంటుందని తెలిసీ ప్రయాణికుల దగ్గర నిలబడిన వైద్య సహాయకులు ఉన్నారు. ఎక్కినవారు దిగిపోయాక ఆ గదులను, మరుగుదొడ్లను మందు చల్లి కడిగినవారు ఉన్నారు. బరువైన ఆక్సిజన్ ట్యాంకులు అలల పోటుకు జరగకుండా గొలుసులతో బిగించి, దారి పొడవునా వాటిని చూసుకుంటూ వచ్చినవారు ఉన్నారు. వీరిలో ఏదో ఒక విభాగానికి నేరుగా రాయండి. ‘జలాశ్వ గ్యాలీలో పనిచేసిన వారికి’ అని మొదలయ్యే ఉత్తరం ఓడ మొత్తానికి రాసినదానికంటే ఎక్కువమంది చేతుల్లోకి వెళుతుంది, ఎందుకంటే దానిని ఆ విభాగం వారు తమదిగా భావించి మిగిలినవారికి చూపిస్తారు. మా అబ్బాయి ఇంజన్ రూమ్‌లో పనిచేస్తాడు. అయినా నేను వంటవారికే రాశాను. వాడి కడుపు నింపినవారు కదా.

సంబోధన విషయంలో మొహమాటం వద్దు. కమాండింగ్ ఆఫీసరుకు రాసే పై ఉత్తరంలో ‘గౌరవనీయులైన కమాండింగ్ ఆఫీసర్ గారికి’ అని రాయండి, అది ఆ హోదాకు తగిన మర్యాద. లోపల పిల్లలకు రాసే ఉత్తరంలో మీ వయసును బట్టి ‘నాయనలారా’, ‘తమ్ముళ్ళారా’ అని పిలవవచ్చు. ఇప్పుడు ఓడల్లో ఆడపిల్లలు కూడా సెయిలర్లుగా ఉన్నారు కనుక ‘పిల్లలూ’ అనడం నాకు బాగా కుదిరింది. ‘వీరులారా’ అన్న పిలుపును నేను వదిలేశాను. ఆ పిలుపు విన్నవాడు వీరుడిలా ఉండాలని బిగుసుకుంటాడు తప్ప చేరువ కాడు.

భాష గురించి ఒక మాట. ఆ విభాగంలో తెలుగు చదవగలిగినవారు ఒకరో ఇద్దరో ఉంటారు. అందుకని ఉత్తరాన్ని తెలుగులోనే రాసి, దానికి హిందీలోనో ఇంగ్లీషులోనో మరొక ప్రతి జతచేయండి. నా ఉత్తరాన్ని మా ఊరి హైస్కూలు పిల్లలు హిందీలోకి మార్చారు, వారి టీచరు తప్పులు దిద్దారు. ఆ పనిలో ఆ పిల్లలు తెలుసుకున్న సంగతులు పాఠంలో దొరికేవి కావు. తెలుగు ప్రతిని మాత్రం మానవద్దు. దూరాన ఉన్న తెలుగు పిల్లవాడికి అమ్మభాషలో చేతిరాత కనిపించడమే ఒక ఊరట, దాన్ని తోటివారికి చదివి వినిపించే గౌరవం కూడా అతనికే దక్కుతుంది.

రాయకూడనివి

ఈ భాగాన్ని తల్లిదండ్రులు మరింత జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే మనకు మిగిలినవారికంటే కొన్ని విషయాలు ఎక్కువ తెలుస్తాయి. ఓడ ఎప్పుడు బయలుదేరుతుంది, ఎటు వెళుతుంది, ఎప్పుడు తిరిగి వస్తుంది, అందులో ఏ పరికరం మరమ్మతులో ఉంది వంటి మాటలు ఉత్తరంలోనూ, ఫోనులోనూ, బంధువుల వాట్సాప్ గ్రూపులోనూ రానివ్వకూడదు. జరిగిపోయి, పత్రికల్లో వచ్చిన విషయాలనే రాయండి. 2019 డిసెంబరులో నావికులను వలలో వేసి సమాచారం రాబట్టిన గూఢచర్యం కేసు విశాఖ కేంద్రంగా బయటపడిన తరువాత, నౌకాదళం తన ఓడల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. పిల్లలు పాటిస్తున్న ఆ నియమాన్ని కృతజ్ఞత పేరుతో మనం దాటకూడదు. ఓడ ముందు దిగిన ఫొటోలు, యూనిఫాం మీద పేరు కనిపించే ఫొటోలు కూడా అంతే.

ఇక మీ భయాలను వారి మీద మోపవద్దు. ‘మీరు ఏమైపోతారోనని రాత్రులు నిద్ర పట్టలేదు’ అని తల్లి రాస్తే చదివే పిల్లవాడికి సొంత తల్లి గుర్తుకు వచ్చి గుండె బరువెక్కుతుంది, వాచ్‌కు వెళ్ళే ముందు అది వారికి మంచిది కాదు. మీ అబ్బాయికి సెలవు, బదిలీ, పదోన్నతి వంటి విషయాలను ఈ ఉత్తరంలో ఏ రూపంలోనూ ప్రస్తావించవద్దు. కృతజ్ఞతా లేఖలో వినతి కలిస్తే ఉత్తరమంతా వినతిపత్రంగా మారిపోతుంది, అది మీ బిడ్డకు కూడా తలవంపులు తెస్తుంది. మీ బిడ్డ అదే ఓడలో ఉంటే వాడి పేరు రాయవలసిన అవసరం లేదన్నది నా అభిప్రాయం. ‘మీతో పనిచేసే ఒకరి అమ్మను’ అంటే చాలు, అప్పుడు ఆ ఓడలో ప్రతివాడూ ఆ తల్లి తనకు రాసిందనుకుంటాడు.

శత్రువును తిట్టడం, రాజకీయం, ఒక ఓడను పొగడడానికి మరొక దళాన్ని తగ్గించడం, వీటన్నిటికీ దూరంగా ఉండండి.

మునుపటి తరం, తిరిగి రానివారు

ఉత్తరాలు అందుకోవలసినవారందరూ ఇప్పుడు ఓడల్లో లేరు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ విశాఖ తీరానికి దగ్గరలో మునిగిపోయింది. 4వ తేదీ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ మీద దాడి చేశాయి, అందుకే డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవమైంది. ఆ రోజుల్లో ఇరవై ఏళ్ళు ఉన్నవారికి ఇప్పుడు డెబ్బై అయిదు దాకా వచ్చాయి. మీ మండలంలో అలాంటి పెద్దలు ఎవరున్నారో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో గాని, స్థానిక మాజీ సైనికుల సంఘంలో గాని విచారించవచ్చు. వారి చిరునామాలను నేరుగా ఇవ్వకపోవచ్చు కనుక మీ కోరికను, ఫోను నంబరును అక్కడ వదిలి రండి, ఇష్టమైతే వారే పలకరిస్తారు.

వీరికి ఉత్తరంకంటే వెళ్ళి కలవడం మేలు. వెళ్ళినప్పుడు ‘యుద్ధంలో ఏం జరిగింది’ అని మొదలుపెట్టకండి. ఏ ఓడ, ఏ బ్రాంచి, బంక్ ఎక్కడ ఉండేది, అన్నం ఎలా ఉండేది అని అడగండి. మా ఊరి పెద్దాయన ఒకరు ఇంజన్ రూమ్ గురించి గంటసేపు చెప్పి, చివరికి తనంతట తానే డిసెంబరు రాత్రుల మాటకు వచ్చారు. శాలువా కప్పి ఫొటో తీసుకొని లేచి వచ్చేవారిని ఆయన చాలామందిని చూశారట. కూర్చుని వినేంత సమయం ఉన్న రోజునే వెళ్ళండి.

తిరిగి రానివారి ఇంటికి వెళ్ళడం అన్నిటికంటే కష్టమైన పని. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ సమీపంలో మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీ టార్పెడో (నీటి లోపల దూసుకొచ్చే పేలుడు ఆయుధం) దెబ్బకు మునిగిపోయినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఓడను వదలకుండా దానితోనే మునిగిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా పేరు మనకు గుర్తుంది, మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. ఆ 176 పేర్లు మాత్రం వారివారి ఇళ్ళలోనే మిగిలాయి. అలాంటి ఇల్లు మీకు తెలిసి ఉంటే, మన ఊళ్ళలో పలకరింపుకు వెళ్ళే పద్ధతిలోనే వెళ్ళండి. ‘మీరు గర్వపడాలి’ అనవద్దు, గర్వపడాలో వద్దో ఆ తల్లికి మరొకరు చెప్పకూడదు. ఆ బిడ్డ పేరు పలకండి, తేదీ మీకు గుర్తుందని చెప్పండి, ఏటా ఆ తేదీకి వెళ్ళండి. పింఛను కాగితాలో, మనవడి కాలేజీ దరఖాస్తో చేతిలో ఉంటే పూర్తి చేసి పెట్టండి. మాటలు తోచనిచోట ఈ పనులే ఆదుకుంటాయి. విశాఖ వెళ్ళినప్పుడు రామకృష్ణా బీచ్‌లో 1971 విజయానికి గుర్తుగా ఉన్న ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం దగ్గర పిల్లలతో రెండు నిమిషాలు నిలబడి, అటునుంచి కురుసురా జలాంతర్గామి మ్యూజియంలోకి వెళ్ళండి. ఆ ఇరుకు బంకులను చూశాక నావికుల బతుకు గురించి పిల్లలకు వేరే ఉపన్యాసం అక్కరలేదు.

డబ్బు రూపంలో ఇవ్వదలచినవారు ఏటా డిసెంబరు 7న వచ్చే సాయుధ దళాల పతాక దినోత్సవ నిధికి ఇవ్వవచ్చు. 1949 నుంచి ఆ రోజును పాటిస్తున్నారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల ఆ చిన్న జెండాలో మూడు దళాలూ ఉన్నాయి. డబ్బును జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కట్టి రసీదు తీసుకోండి. నావికుల పేరు చెప్పి ఫోనులో చందా అడిగేవారికి ఇవ్వవద్దు.

పోస్టు చేసే పద్ధతి

ఓడలో ఉన్నవారికి ఉత్తరాలు ఫ్లీట్ మెయిల్ ఆఫీసు (నౌకాదళ తపాలా కార్యాలయం) ద్వారా చేరతాయి. కవరు మీద ‘కమాండింగ్ ఆఫీసర్’ అని, కింద ఓడ పేరు, ఆ కింద ‘కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్’ అని, ఓడ స్థావరం ఉన్న ఊరి పేరు రాయండి. విశాఖ ఓడలకు విశాఖపట్నం అని రాయాలి. లోపల రెండు కాగితాలు ఉంచండి: కమాండింగ్ ఆఫీసరుకు నాలుగు వాక్యాల పై ఉత్తరం ఒకటి, ఫలానా విభాగం వారికి చేరవేయమని కోరుతూ జతచేసిన అసలు ఉత్తరం ఒకటి. మీ పేరు, పూర్తి చిరునామా కవరు వెనుక స్పష్టంగా ఉండాలి, పంపినవారెవరో తెలియని కవరును అనుమానించడం వారి విధి. అరిసెలు, పచ్చళ్ళు, రాఖీలతో నిండిన పార్సిళ్ళు తెలియని ఓడకు పంపవద్దు. అవి దారిలో పాడవుతాయి, తనిఖీలో ఆగిపోతాయి. కాగితం మాత్రం ఓడ రేవుకు వచ్చేదాకా ఎన్ని వారాలైనా ఎదురుచూస్తుంది. జవాబు రాలేదని నొచ్చుకోకండి. నాకు ఏడు నెలల తరువాత, ముగ్గురు సంతకాలు చేసిన ఒక కార్డు వచ్చింది.

నేను చివరికి పంపిన ఉత్తరం ఇది. దీనిని నకలు చేయకుండా, కొలతగా మాత్రం వాడుకోండి.

“గ్యాలీలో పనిచేసే పిల్లలూ,

నేను శ్రీకాకుళం జిల్లాలో ఉంటాను, మీతో పనిచేసే ఒకరి అమ్మను. 2021 మే నెలలో మా చెల్లెలి భర్త విశాఖ ఆసుపత్రిలో పదకొండు రోజులు ప్రాణవాయువు మీద ఉన్నారు. ట్యాంకులతో ఓడలు వస్తున్నాయని విన్న రోజున మా చెల్లెలు రెండు రోజుల తరువాత మొదటిసారి అన్నం తిన్నది. ఆ ఓడలో పనిచేసిన అందరికీ అన్నం పెట్టింది మీరని మా అబ్బాయి చెప్పాడు. సముద్రం పోటెత్తి గిన్నెలు నిలవని రోజున కూడా వేళ తప్పలేదని, ఆ రోజు కిచిడీ వండారని చెప్పాడు. అరవై మందికి మధ్యాహ్న భోజనం వండించిన బడిలో పనిచేశాను కనుక కదలని నేల మీద కూడా అది ఎంత పనో నాకు తెలుసు. మా మరిది ఇప్పుడు బాగున్నారు, పొలానికి వెళుతున్నారు. మా ఇల్లంతటి తరఫున మీకు కృతజ్ఞతలు. ఎప్పుడైనా మా వైపు వస్తే మా ఇంట్లో భోజనం చేయాలి, ఆ పూట వంట నాది.

మీలో ఒకరి అమ్మ.”

డిసెంబరు 4 నాటికి ఉత్తరం చేరాలనుకునేవారు అక్టోబరు దాటకముందే పోస్టు చేయండి, ఒక ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి.